నేల ఉసిరి ఇచ్చిన చేయి

మొన్న బళ్ళారిలో మందుల దుకాణానికి వెళ్లి రక్తపోటు మాత్రలు తీసుకుంటుంటే, అద్దాల అరలో ఆకుపచ్చని సీసా ఒకటి కనబడింది. కాలేయానికి శ్రేష్ఠమైన నేల ఉసిరి చూర్ణమని దాని మీద రాసి ఉంది. కింద వేసిన బొమ్మ మాత్రం పచ్చడి పెట్టుకునే ఉసిరి చెట్టు కొమ్మది. రెండూ ఒకే కుటుంబానివే కావచ్చు, కాని ఒకటి చెట్టు, మరొకటి జానెడు మొక్క. ఒకదాని గుణం మరొకదానికి రాదు. ఉద్యోగకాలమంతా యశ్వంతనగర్ దగ్గర ఇనుప ఖనిజాన్ని పరీక్షించే ప్రయోగశాలలో గడిపినదాన్ని కనుక, చీటీ మీద ఒక పేరు, సంచిలో మరొక సరుకు ఉంటే ఊరుకోలేను. దుకాణదారుకు చూపించాను. ఆయన నా మాత్రలు కత్తిరిస్తూనే, "చెట్టుదైతే ఏంది, నేలదైతే ఏంది మేడమ్? ఆకు మందు గదా, ఏం తొందరె ఇల్ల" అన్నాడు. ఏ ఇబ్బందీ ఉండదని ఆయన భరోసా. నాకు మా మేనత్త గుర్తుకు వచ్చింది.

ఆమెది సిరిగేరి. వానలు పడి వరి మడుల గట్లు పచ్చబడగానే నేల ఉసిరి దానంతటదే మొలిచేది. చింతాకును పోలిన చిన్న ఆకులు, వాటి అడుగున వరుసగా ఆవగింజల కంటె కాస్త పెద్దవైన కాయలు. కాడ ఎర్రగా ఉన్న రకాన్ని ఆమె చూపుతోనే తోసిపుచ్చేది. ఆ మొక్కలో ఆమెకు పనికిరాని భాగం లేదు. గజ్జికి ఆకును ఉప్పుతో నూరి పూసేది. మూత్రంలో మంటకు కషాయం కాచేది. జిగట విరేచనాలకు లేత చిగుళ్లు నూరి ఇచ్చేది. ఆమెకు పేరు తెచ్చినది మాత్రం కామెర్ల మందు. మొక్కను వేరుతో సహా కడిగి, మెత్తగా నూరి, వెన్న తీసిన మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. ఆ చేదు నాలుకను వదలి మధ్యాహ్నానికి గాని పోదు. ఉప్పు, నూనె బంద్. ఎండలో పని బంద్.

మందుకు కట్టుబాట్లున్నాయి. ప్రతిఫలం తీసుకోకూడదు. ఇచ్చే మనిషి తన మందును తన చేత్తో తాగకూడదు. అవసరం వస్తే మరొకరి చేతి నుంచే అందుకోవాలి. నూరేటప్పుడు ఏదో ఒకటి జపించాలని ఆమెకు నేర్పిన ముసలమ్మ చెప్పిందట. మాది పాత మిషను సంఘంలో పుట్టిన కుటుంబం. అందుకని అత్త పరలోక ప్రార్థన అందుకుంది. నూరేటప్పుడు ఏం మంత్రం చదువుతున్నావని సంఘ పెద్ద ఒకరు నిలదీస్తే, ఆమె ఆ ప్రార్థనను మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పింది. ఆయన ఆమేన్ అని వెళ్లిపోయాడు. గట్ల మీద మొక్క పీకి తెచ్చే పక్కింటామె కూలి పనులు చేసుకునే హిందూ కుటుంబీకురాలు. వినీ వినీ ఆ ప్రార్థన ఆమెకూ నోటికి వచ్చింది. అదీ మందులో ఒక దినుసేనని ఆమె నమ్మకం.

నేను ఉద్యోగం మానుకోవడానికి కొంతకాలం ముందు, ఒక ఆదివారం సిరిగేరికి వెళితే అత్త ఇంటి లోపల నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఎప్పుడో కంటి శుక్లం తీసినప్పుడు ఇచ్చిన అద్దాలవి. వెలుతురుకు కళ్లు మండుతున్నాయని చెప్పింది. అప్పుడే మొక్కల కట్టతో వచ్చిన పక్కింటామె, "ఏమక్కా, సినిమాలో చేరతాండావా ఏంది?" అని ఆట పట్టించింది. అత్త నవ్వింది గాని అద్దాలు తీయలేదు. మాటిమాటికీ మోచేతులు గోక్కుంటోంది. పెరట్లోకి వెళ్లినప్పుడు దండెం చివర ఒక తెల్ల గుడ్డ పేలిక ఆరుతూ కనిపించింది. కామెర్లు ఉన్నాయో లేవో తేల్చడానికి అత్త పెట్టే పరీక్ష అది: పేలికను మూత్రంలో ముంచి ఆరబెడితే పసుపు మరక మిగలాలి. ఇది ముదురు పసుపు. ఆ వారం మందుకు ఎవరూ రాలేదని అంతకు ముందే మామ చెప్పాడు.

లోపలికి వచ్చి అద్దాలు తీయమన్నాను. ఆమె తీసింది. కనుగుడ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. పక్కింటామె చేతిలోని కట్ట నేల మీద పెట్టేసింది. నేను అడిగినవాటికి అత్త పొడిగా జవాబులిచ్చింది: ఒళ్లంతా దురద, కుడి పక్కటెముకల కింద నొప్పి, మలం సుద్దలా తెల్లన. కాలేయం అలసిన కామెర్లు కావివి, పైత్యరసం దారికి ఏదో అడ్డుపడి ఉండాలి, ఆకు దాన్ని తీయలేదు, ఇప్పుడే బళ్ళారికి పోదామన్నాను.

"నువ్వే చెప్పమ్మా. నా మాట యాడ ఇంటాది?" అన్నాడు మామ.

అత్త గొంతు పెంచలేదు. "పాపా, నేను ఆస్పత్రిలో పండుకున్నానని తెలిస్తే రేపట్నించి నా చేతి మందు ఎవురు తాగుతారు? తనకే పనిచెయ్యందాన్ని నలుగురికీ పోస్తాండాదా అనరా?"

"ప్రాణం కంటే ఎక్కువా అత్తా అది?"

"నాకు ఇంగేముండాది?" అంది.

నిజమే, ఆమెకు పిల్లలు లేరు, పొలం లేదు. ఊరు ఆమెను పిలిచింది ఆ హస్తవాసి ఒక్కదాని కోసమే. కట్టుబాటు ప్రకారం పక్కింటామె నూరింది, పరలోక ప్రార్థన తడబడకుండా చదివింది, గిన్నె నోటికి అందించింది. ఫలితం కనబడకపోతే మరో విడత అన్నారు. తర్వాత ఇంకొకటి. వెళ్లినప్పుడల్లా నేను పోట్లాడాను. వెళ్లినప్పుడల్లా ఆమె ఇంకాస్త పసుపెక్కి, ఇంకాస్త మర్యాదగా కాదంది. చివరకు చలి జ్వరం వచ్చి మాట తడబడ్డాక మామ జీపు మాట్లాడాడు. ఎక్కించేటప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకుని, "అడిగితే కంటి డాక్టరు కాడికి పోయిందని చెప్పు" అంది. నేను విన్న ఆమె చివరి మాట అదే. పిత్తాశయం నుంచి జారిన రాయి దారిలో ఇరుక్కుందనీ, చీము రక్తంలో కలిసిందనీ, కాస్త ముందు తెస్తే తీయగలిగేవాళ్లమనీ వైద్యులు చెప్పారు. ఆమె ఇంటికి తిరిగి రాలేదు.

భూస్థాపనకు ఊరంతా వచ్చింది. ఆమె మజ్జిగ తాగి లేచినవాళ్లే ఎక్కువ. మట్టి వేసి చేతులు దులుపుకుంటూ ఒకాయన, "ఇంగ్లీషు మందు కలిసిందప్పా, దాంతో ఆకు మందు ఇరిగిపాయ" అన్నాడు. నలుగురూ తలలూపారు. ఆమె పేరు నిలిచింది, ఆమె కోరుకున్నట్టే. ఇప్పుడు పక్కింటామె మందు పోస్తోంది. పేలిక పసుపెక్కినవాళ్లు ఆమె గుమ్మంలో కూర్చుంటున్నారు.

నేల ఉసిరి కాలేయానికి మేలు చేయదని నేను అనను. పరీక్షించి తేల్చవలసినది ఇంకా మిగిలి ఉందని మాత్రమే అంటాను. అయితే ఊళ్లలో వచ్చే కామెర్లు చాలావరకు ఉప్పు, నూనె మాని మంచాన పడుకుంటే కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గేవి. ఇన్నేళ్లూ ఆమె మజ్జిగలో కలిపి అందరికీ పోసినదాంట్లో ఎక్కువ భాగం కాలమే. ఆమె వంతు వచ్చినప్పుడు, ఆమె దగ్గర లేనిది కూడా అదొక్కటే.