తెర మీద అమ్మ

నాన్న పోయాక చంద్రపూర్‌లోని మా బట్టల దుకాణాన్ని అమ్మ ఒక్కతే చూసుకునేది. డిగ్రీ పూర్తిచేసిన నేను నెట్‌వర్క్ సెక్యూరిటీ కోర్సు కోసం వెతుకుతూ, నాగ్‌పూర్‌లోని ఒక సంస్థలో డెమో క్లాసుకు వెళ్లాను.

ఎవరి దుకాణంలోనైనా కెమెరా ఉందా అని సారు అడిగితే, నేనే చెయ్యెత్తి మా ఇంటర్నెట్ కనెక్షన్ వివరాలు చెప్పాను. కెమెరాకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మేము మార్చనేలేదు, సారు దాంతోనే తెరిచారు. చూస్తుండగానే క్లాసు గోడ మీది పెద్ద తెరపై మా దుకాణం కనిపించింది. గిరాకీ లేదు. గల్లా దగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నాన్న పోయిన రోజు కూడా మా ముందు కన్నీళ్లు పెట్టని మనిషి. క్లాసులో నా వెనక ఎవరో నవ్వారు.

"సార్, బంద్ చెయ్యండి. ఆమె మా అమ్మ," అన్నాను.

సారు తెర ఆపి, తమ సర్టిఫికెట్ గొప్పతనం చెప్పడం మొదలుపెట్టారు. నేను లేచి వచ్చేశాను.

ఇంటికి రాగానే పాస్‌వర్డ్ మార్చాను. "ఆ కోర్సుల చేరినవా బిడ్డా?" అని అమ్మ అడిగింది.

"లేదమ్మా. ఇంకోటి చూసిన. అండ్ల ఏది తెరిచినా ముందుగాల ఇంటోళ్లను అడగాలె అని నేర్పుతరట."

నేను చూసింది అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు ఉద్యోగంలో ఏ కెమెరాను పరీక్షించాల్సి వచ్చినా, యజమాని ఒప్పుకున్నా సరే, దాని ఎదుట కూర్చునే మనిషితో ఒక మాట చెప్పాకే మొదలుపెడతాను.