రెండో సీడీ

కర్నూలులో ఉండే మా చిన్నమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా చిన్నాయన తెచ్చే కౌబాయ్ సినిమాలకు ఆ ఇంట్లో ఆమె చెప్పిందే కథ. మధ్యాహ్నం సీడీ పెట్టి, చేటలో శనగలు ఏరుతూ, "వీడేనమ్మా ఊరికి నీళ్లు రానీకుండా చేసినోడు" అంటూ ఇరుగుపొరుగు ఆడవాళ్లకు విడమరిచేది.

ఒకరోజు పక్కింట్లో అద్దెకున్న కోసిగి అమ్మాయి వచ్చింది. ఆమె మొగుడు పనికని బెంగళూరు పోయి, మళ్లీ కబురు లేదు. సినిమాలో హీరో భార్యను వదిలి గుర్రమెక్కి దుమ్ములో కనుమరుగయ్యాడు. అంతటితో మొదటి సీడీ అయిపోయింది.

"ఆయప్ప మళ్లా వస్తాడా అత్తా?" అని అడిగిందా అమ్మాయి.

చిన్నమ్మ రెండో సీడీని కొంగుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి పెదవి విరిచింది.

"శానా గీతలు పడినాయమ్మీ, ఆడదు. కథ నాకు తెలుసులే. ఆయప్ప ఇంటికొస్తాడు. పెండ్లాము వాకిట్లోనే నిలబడుకోని ఉంటాది."

వానలు మొదలయ్యాక ఆ అమ్మాయి మొగుడు వచ్చాడు. కాలు విరిగి ఇన్నాళ్లూ ఆస్పత్రిలో పడి ఉన్నాడట. ఇద్దరూ కోసిగికి వెళ్లిపోయాక నేను రెండో సీడీ పెట్టాను. ఎక్కడా ఆగకుండా ఆడింది. చివర్లో హీరో చచ్చిపోయాడు.

"నీకు ముందే తెలుసా చిన్నమ్మా?" అన్నాను.

"ముందు దినమే చూసినా నాయనా. సచ్చిపోయినోడు సినిమాలోనోడు. ఆ పిల్ల పొద్దున్నుంచి అన్నం ముట్టకుండా నా ఎదురుగా కూచోని ఉండె. నా మాట ఇన్నాకే ఇంత సంగటి తినింది."