బానెట్ మీద బంతిపూలు

నాన్న వదిలిపోయిన పాత అంబాసిడర్ కాగితాల్లో ఎవరి పేరున ఉన్నా, దాని వైరింగ్ మాత్రం నాది. ఆడదానికి స్క్రూడ్రైవర్ ఎందుకని నవ్విన చుట్టాలే హారన్ మోగకపోతే నా దగ్గరికొస్తారు. అన్న కూతురి పెళ్లి కుదిరినప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాల్ నుంచి ఎల్బీనగర్‌లోని అత్తవారింటికి పిల్లను తాత బండిలోనే సాగనంపుతానన్నాడు అన్న. బండి నెత్తిన రంగు లైట్లు కూడా కావాలన్నాడు.

సరేనన్నాను, కానీ నా పద్ధతిలో. పాత తీగల మీద కొత్త బరువు మోపను. లైట్లకు బ్యాటరీ నుంచి వేరే వైరు లాగి, వెనక తలుపు పైఅంచు మీదుగా నెత్తికెక్కించి, బ్యాటరీ పక్కనే దానికో ఫ్యూజు పెట్టాను. ఏదైనా అయితే మొత్తం కరెంటు ఆపెయ్యడానికి బ్యాటరీ మీదే తిప్పే మర ఒకటి బిగించాను. అన్నను పిలిచి చూపించాను.

"వైరు ఏడన్న నలిగితే ఫ్యూజు పోతది. పోతే నన్ను పిలువు. నువ్వు చెయ్యి పెట్టకు."

"నాకు చెప్తున్నవా? నాయిన పక్కన నిలబడి నేర్చుకున్నోణ్ణి."

నాన్న పేరెత్తితే నా నోటికి తాళం పడుతుందని అన్నకు తెలుసు.

పెళ్లినాటి సాయంత్రం నేను పిల్ల పక్కనే ఉండిపోయాను. ఊరేగింపుకు బయటికొచ్చి చూస్తే బండి లేదు, అన్నీ పూలే. బంతిపూల దండలను ఇనుప తీగతో బానెట్ మీదుగా అటూ ఇటూ బిగించేశారు. పిల్లా పెళ్లికొడుకూ వెనక సీట్లో కూర్చోగానే వెనక తలుపుల పిడులకూ అదే తీగ చుట్టారు.

"గిదేందన్నా? బానెట్ ఎట్ల తెరుస్తం?"

"పెండ్లి బండి బానెట్ ఎవడు తెరుస్తడే? జర నడువు" అంటూ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ మర్ఫా డప్పుల మోత మొదలైంది, ఇక నా మాట వినేదెవరు?

కొత్తపేట దాటి, మెట్రో పిల్లర్ల కింద నా వెనకే బండి నత్తనడక నడుస్తుండగా వాసన తగిలింది. పటాకులది కాదు, రబ్బరు కాలే వాసన. తిరిగి చూస్తే వెనక తలుపు పైఅంచు నుంచి, సరిగ్గా పిల్ల తల పక్కన, పొగ.

"ఆపన్నా! దిగు!"

అన్న దూకాడు. ఎవరో నీళ్ల సీసాలతో పరుగెత్తుకొచ్చారు. ఇంకెవరో తలుపు పీకుతున్నారు. లోపల పిల్ల అద్దం మీద కొడుతోంది. "అత్తా! తలుపు ఒస్తలేదు!" కరెంటు ఆపే మర పూల కిందే ఉంది. పట్టుచీర కట్టుకుని ప్లయర్ తెచ్చుకుంటానా? గోళ్లతో తీగ పీకాను, అది కదల్లేదు. అన్న నన్ను పక్కకు నెట్టి, రెండు చేతులకూ తీగ చుట్టుకుని, కాలు బంపర్‌కు తన్నిపెట్టి లాగాడు. తీగ తెగింది. బానెట్ జానెడు లేచింది. చెయ్యి దూర్చి మర తిప్పాను.

లైట్లన్నీ ఆరిపోయాయి. కాసేపటికి పొగ కూడా పలచబడింది. ముందు సీటు మీదుగా ఇద్దరినీ బయటికి లాగారు. పిల్ల దగ్గుతూనే కొంగుతో తండ్రి అరచేతుల నెత్తురు ఒత్తింది.

బానెట్ పూర్తిగా ఎత్తి చూశాను. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, మడత మీద మడత పెట్టి ఉంది. ఫ్యూజులా అది తెగదు, వైరే కాలుతుంది.

"పూలోళ్లు తలుపేసి సూస్తుంటే లైట్లు పోయినయ్" అన్నాడు అన్న. "తలుపు సందుల వైరు నలిగిందని నాకెర్క లేదు. నువ్వు పిల్ల దగ్గరున్నవ్, పరేషాన్ చెయ్యొద్దనుకున్న. నాయిన గిట్లనే చేసేటోడు గదా."

నిజమే, చేసేవాడు. సిగరెట్లు మానేశాక కూడా డాష్‌బోర్డు అరలో ఆ కాగితాలు దాచుకునేవాడు. బండి ఎక్కడ ఆగినా ఒకటి మడిచి పెట్టి నడిపించేవాడు. నాన్నంత మొనగాడు లేడని అందరికీ చెప్పుకునేదాన్ని. ఆ రోడ్డు మీద, మొదటిసారి, ఆయన మీద కోపమొచ్చింది.

"నాయిన గిట్ల చేసినప్పుడు వెనక సీట్ల ఎవరు కూసునేటోళ్లన్నా?"

అన్న వెనక సీటు వంక చూశాడు. చిన్నప్పుడు అక్కడ కూర్చునేది మేమిద్దరమే.