అటక మీద ఇంగువ వాసన

2023 జనవరిలో మా ఆఫీసు నన్ను ఈ చలిదేశపు ఊరు హామిల్టన్‌లోని ఒక పాత ఇటుక ఇంటికి పంపింది. అప్పటికి ఎనర్జీ అడ్వైజర్‌గా నావి చివరి ఏళ్లు. పేరు గంభీరంగా ఉంటుంది గానీ పని చెప్పడం తేలిక: ఇంట్లోని వెచ్చదనం ఏ సందుల్లోంచి జారిపోతోందో కనిపెట్టి, గోడల్లో, అటక మీద చలిని ఆపే ఇన్సులేషన్ ఎక్కడ ఎంత వేయాలో రాసివ్వడం. మేం కాంట్రాక్టర్లం కాదు. సుత్తి పట్టుకోం, సరుకు అమ్మం, ఫలానావాళ్ల చేత చేయించుకోండని చెప్పనూ కూడదు. ఆ ఖర్చులో కొంత ప్రభుత్వం తిరిగిచ్చే రిబేటు కావాలంటే పనికి ముందు ఒకసారి, పని పూర్తయ్యాక ఒకసారి మా పరీక్ష జరగాలి. ముందు పరీక్ష లేకుండా గోడలు పగలగొట్టేసి, తీరా రిబేటు రాదని తెలిశాక నా మీద విరుచుకుపడిన పెద్దమనుషులు చాలామందే ఉన్నారు.

పైగా నేను ఆడమనిషిని, యాభై దాటి చాలా కాలమైనదాన్ని. నిచ్చెన పట్టుకుని గుమ్మంలో నిలబడితే నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తొంగిచూసేవారు. ఎవరూ రారండీ, అటక ఎక్కేది నేనే అని చెప్పి లోపలికి నడిచేదాన్ని.

ఈ ఇంటి యజమాని ప్రసాదరావు గారు. మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఊరు గుంటూరు దగ్గర. ఈ ఇల్లు కొని, కొంత బాగుచేయించి, కొంత తానే బాగుచేసి, నలుగురు తెలుగు అమ్మాయిలకు అద్దెకిచ్చారు. మన పిల్లలు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. కాలేజీలు సీట్లిచ్చాయి గానీ పడుకోవడానికి చోటెక్కడుందో ఎవరూ చెప్పలేదు. బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు వేసుకుని సర్దుకున్నవాళ్లను నా పనిలో ఎంతమందిని చూశానో. అలాంటిది, యూనివర్సిటీకి నడిచివెళ్లే దూరంలో పై అంతస్తు గదులతో ఇల్లు దొరికిందంటే ఆ నలుగురికీ అదృష్టమే.

ఆ అదృష్టం కాస్తా నెలాఖరుకు ముగిసేలా ఉంది. ఆ సంగతి ప్రసాదరావు గారే ఫోన్‌లో చెప్పారు.

"మేడం గారూ, ఇల్లంతా ఒకటే చలిగాలి. దానికితోడు పైగది సీలింగ్‌లోంచి నీళ్లు కారుతున్నాయండీ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకుండా వండేస్తున్నారు పిల్లలు. ఆ ఆవిరంతా పైకెక్కుతోంది. చెప్పీ చెప్పీ విసుగొచ్చి నెలాఖరుకు ఖాళీ చేసేయమన్నాను. మీరు ఆ ఒక్క ముక్కా రిపోర్ట్‌లో రాసిపెడితే చాలు."

కళ్లతో చూసిందే రాస్తానని చెప్పాను. నన్ను పిలిచింది ఇల్లు చూడటానికా, సాక్ష్యం చెప్పడానికా?

నేను వెళ్లేసరికి ఆయనా, ఆయన భార్య వసుంధర గారూ హాల్లో ఉన్నారు. అమ్మాయిలు వంటగది గుమ్మం దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. వాళ్లలో మాట్లాడే ధైర్యమున్నది మౌనిక ఒక్కతే. కరీంనగర్ పిల్ల. కాలేజీ అయ్యాక ఒక కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తోంది. నేను టేపు పట్టుకుని గదులు కొలుస్తుంటే రెండో చివర తనే పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆంటీ, పార్ట్‌టైమ్ పోతే ఇంకోటి దొరుకుతది. ఇప్పుడు ఈ ఇల్లు పోతే మాకు ఏడ దొరుకుతది? సెమిస్టర్ నడుమల ఉన్నం. నిజంగ మా వంట వల్లనే నీళ్లు కారుతున్నయా?"

ఇంకా తెలియదమ్మా అన్నాను. ఆ మాట ఆ పిల్లకు ఏ ధైర్యమూ ఇవ్వలేదని తెలుస్తూనే ఉంది. నెలాఖరుకు ఖాళీ చేయమనడం నోటితో అన్నంత సులువు కాదని, అద్దెకుండేవాళ్లకూ ఇక్కడ చట్టముందని ఆ పిల్లలకెవరూ చెప్పినట్టు లేదు. నేనే చెప్పాను. "అంకుల్‌తోని కొట్లాట ఎట్ల పెట్టుకుంటం ఆంటీ?" అని తల అడ్డంగా ఊపింది. తెలుగువాళ్ల ఇల్లని వెతుక్కుని మరీ వచ్చారట.

ఆ ఇంట్లో గాలి గురించి మాత్రం అబద్ధమేమీ లేదు. తలుపుల కింద తువ్వాళ్లు చుట్టి పెట్టారు, కిటికీలకు దుప్పట్లు కట్టారు, అయినా పాదాలు కొయ్యబారిపోతున్నాయి. పాత ఇళ్లలో చలి కాళ్లకు తగులుతుంది గానీ తప్పు చాలాసార్లు నెత్తిమీద ఉంటుంది. వెచ్చటి గాలి పైకి లేచి సీలింగ్ కన్నాల్లోంచి అటకలోకి పోతుంది. పోయిన గాలికి బదులు కింద తలుపు సందుల్లోంచి చలిగాలి లోపలికొస్తుంది. పైన కన్నం ఉన్నంతకాలం కింద ఎన్ని తువ్వాళ్లు పెట్టినా ఒకటే.

అందుకని అటక ముందు. పైగది బట్టల అల్మరాలో దాని మూత ఉంది. మా పద్ధతి ప్రకారం పరీక్షకు ముందు మూత తీసి, లోపల వెర్మిక్యులైట్ అనే పాతకాలపు గుళికలు ఉన్నాయేమో చూడాలి. వాటిలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది కాబట్టి, అవి కనిపిస్తే పరీక్ష అక్కడితో ఆపేయాలి. ఇక్కడ లేవు. పాత న్యూస్‌పేపర్లను పీచు చేసి తయారుచేసే సెల్యులోజ్ ఉంది, బూడిదరంగు దూదిలా. మూతకు దగ్గరలో జంతువుల్ని పట్టే ఇనుప బోను కూడా ఉంది, లోపల ఎండిపోయిన రొట్టెముక్కతో. ఇదెందుకండీ అంటే, కప్పు చూడటానికొచ్చిన రూఫర్ ఎవరో అటకలో ఏదో వాసనొస్తోంది, ఇళ్లలో దూరే రకూన్ అనే పిల్లంత జంతువు చచ్చి ఉంటుంది, ఇంకా ఉన్నాయేమో బోను పెట్టండి అన్నాడట. ఇన్ని రోజులైనా ఒక్క రకూనూ పడలేదు. గడ్డకట్టిన ఆ అటకలో, చలికి మొద్దుబారిన నా ముక్కుకు ఏ వాసనా తెలియలేదు.

టార్చి పైకెత్తి చూస్తే కప్పు చెక్కల అడుగున మంచు పేరుకుని ఉంది. మేకుల మొనలన్నీ తెల్లగా ఉన్నాయి. బయట కాస్త వేడెక్కిన రోజున ఇదంతా కరిగి సీలింగ్‌లోంచి కారుతుంది. అంటే కప్పు పగల్లేదు, నీళ్లు వానవి కావు. ఇంట్లోని తేమే పైకెళ్లి గడ్డకడుతోంది. అదే మాట కిందికి చెప్పాను.

"చూశారా, నేను చెప్పలా!" అన్నారు ప్రసాదరావు గారు.

మౌనిక ముఖం వాడిపోయింది. ఆయన మాట సగం నిజమైంది మరి. తేమ ఇంట్లోదే, వంట చేసేది వాళ్లే.

"అంకుల్, మేము ఫ్యాన్ వెయ్యకుంట పొయ్యే ముట్టియ్యం. మీరు కోపం చేసిన కాడ్నుంచి తిన్నంక కూడ నడిపిస్తనే ఉన్నం" అంది.

"అందరూ అలాగే అంటారమ్మా. వేస్తే నీళ్లెందుకు కారతాయి? అది నేను స్వయంగా బిగించిన ఫ్యాను. వీడియోలు చూసి, ఎవర్నీ పిలవకుండా!" అని ఆయన దాన్ని నా ముందే వేసి చూపించారు. చప్పుడు బ్రహ్మాండంగా ఉంది. తన పనితనం చూసుకుని మురిసిపోయేవాళ్లంటే నాకు ఇష్టమే, వాళ్ల ఇళ్ల వల్లే మా కొలువులు నడిచేవి. ఆ పూట మాత్రం ఆయన మురిపెం నాకు రుచించలేదు.

తర్వాత అసలు పరీక్ష, బ్లోయర్ డోర్ టెస్ట్. ముందు తలుపు తెరిచి, ఆ చట్రంలో గాలి చొరని ఎర్రగుడ్డ బిగించి, దాని కింది భాగంలో పెద్ద ఫ్యాన్ పెడతాం. మిగిలిన తలుపులు, కిటికీలు మూసేయాలి. ఇల్లు వేడిచేసే ఫర్నేస్, పొయ్యి, ఎగ్జాస్ట్ అన్నీ కట్టేయాలి. ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే, ఎక్కడెక్కడ సందుందో అక్కడల్లా గాలి లోపలికి దూసుకొస్తుంది. చేతులు పెట్టి చూడండి అంటే అమ్మాయిలు స్విచ్‌బోర్డుల దగ్గర, కిటికీ మూలల దగ్గర చేతులు పెట్టి "అమ్మో, ఇక్కడ్నుంచి కూడనా!" అని అరవడం మొదలుపెట్టారు. కాసేపు ఖాళీ చేసే సంగతి మరిచిపోయినట్టే ఉన్నారు.

మెట్లెక్కి పైకెళ్తున్నదాన్ని ఆగిపోయాను. గుప్పుమని ఇంగువ వాసన. ఎండుమిరపకాయలు వేగిన వాసన. సాంబారులో పోపు పడితే వచ్చే వాసన, అక్షరాలా.

"ఎవరమ్మా పోపు పెడుతున్నది? పొయ్యి కట్టేయమన్నానా లేదా!" అని గట్టిగానే కేకేశాను.

"ఒట్టు ఆంటీ, పొద్దట్నుంచి బ్రెడ్డే తిన్నం!" మౌనిక వంటగదిలోకి పరుగెత్తి, చల్లటి పొయ్యి మీద అరచెయ్యి ఆనించి చూపించింది.

వాసన మాత్రం ఆగలేదు. పైగదుల్లో సీలింగ్ లైట్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి కిందికి దిగుతోంది. అంటే మా ఫ్యాన్ అటకలోని గాలిని ఇంట్లోకి లాగుతోంది. మరి అటకలో ఎవరు వండుతున్నారు? వంటగదిలోకి వచ్చి ఎగ్జాస్ట్ కింద చెయ్యి పెట్టాను. దాని గొట్టం సరిగ్గా వీధిలోకి తెరుచుకుని ఉంటే అక్కడ వీధిగాలి రావాలి. వచ్చిందేమిటి? అదే ఇంగువ, పాతనూనె కమురు. చూస్తుండగానే బూడిదరంగు పీచు ఒకటి ఊగుతూ వచ్చి పొయ్యి మీద వాలింది. పైన అటకలో చూసిన పీచే.

నాకు నవ్వాగలేదు. ఆ రూఫర్ పాపం ఇంగువ ఎరగడు, అతని ముక్కుకు అది చచ్చిన జంతువే.

మాస్కు పెట్టుకుని అటక ఎక్కాను. దూలాల మీద పాకుతూ వంటగదికి పైనున్న చోట పీచు తవ్వాను. మెరిసే అల్యూమినియం గొట్టం, నోరు తెరుచుకుని, కప్పు వైపు చూస్తూ ఉంది. దాని చుట్టూ ఉన్న పీచు నూనెకు పసుపురంగు తిరిగి, గడ్డకట్టి ఉంది. నియమం ప్రకారం ఫొటోలు తీసుకుని, మూతలోంచి తల బయటపెట్టి పిలిచాను.

"ప్రసాదరావు గారూ, మీరొకసారి పైకి రావాలండీ."

ఆయన నిచ్చెనెక్కి టార్చి వేసి చూశారు. కింద నుంచి వసుంధర గారు కంగారుపడ్డారు.

"ఏంటండీ? రకూన్ ఉందా?"

"లేదు. పైపు."

"ఏ పైపు?"

"మన పైపే" అన్నారాయన.

కిందికి దిగాక జరిగింది చెప్పారు. ఫ్యాన్ బిగించింది చలికాలంలోనట. మంచులో కప్పుకు కన్నం పెట్టడం కుదరక, ఎండలొచ్చాక గొట్టం బయటికి తీద్దామని అటకలో వదిలేశారు. ఎండలొచ్చాయి, పోయాయి, ఆయనకు గుర్తు రాలేదు. ఈలోగా పోపు ఆవిరి, అన్నం ఆవిరి అంతా ఆయన ఫ్యానే మోసుకెళ్లి అటకలో పోస్తోంది. ఆ ఫ్యాన్ ఎంతసేపు తిరిగితే తలుపు సందుల్లోంచి అంత చలిగాలి లోపలికొస్తుంది కూడా. తిన్నాక కూడా నడిపించారు కాబట్టే నీళ్లు పెరిగాయి, కాళ్లు గడ్డకట్టాయి.

వసుంధర గారు ఒక్కసారిగా లేచారు. "ఇన్నాళ్లూ పిల్లల్ని ఆడిపోసుకున్నారే! మీ మాట వినలేదని కదా ఖాళీ చేయమన్నారు? విన్నందుకేనండీ ఈ నీళ్లు!"

ప్రసాదరావు గారిలో నాకు నచ్చింది అప్పుడే చూశాను. నా రిపోర్టు చేతికొచ్చాక చూద్దామని దాటవేయలేదు. మౌనిక ముందుకెళ్లి నిలబడ్డారు. "తప్పు నాదేనమ్మా. మీరెక్కడికీ వెళ్లొద్దు. చదువులయ్యేదాకా ఇక్కడే ఉండండి" అన్నారు.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. థాంక్స్ చెబుతుందనుకున్నాం అందరం.

"అంకుల్, ఇగ రాత్రికి ఫ్యాన్ వెయ్యాల్నా వద్దా?" అని అడిగింది. వసుంధర గారు పడీ పడీ నవ్వారు. ఆయన కూడా నవ్వక తప్పలేదు. గొట్టం బయటికి తీసేదాకా వద్దని, వండేటప్పుడు వంటగది కిటికీ కాస్త తెరవమని నేను చెప్పాను.

రిపోర్టులో అద్దెకున్నవాళ్ల అలవాట్ల గురించి రాసే చోటు ఉండదు. వంటగది గొట్టం అటకలో తెరిచి ఉంది, పక్కగోడలోంచి బయటికి తీయాలి, తడిసిన పీచు తీసేయాలి, సీలింగ్ సందులన్నీ మూశాకే కొత్త సెల్యులోజ్ వేయాలి అని రాశాను. ఈ వరస ముఖ్యం. కన్నాలు మూయకుండా పైన ఎంత పీచు పోసినా, గాలి దాన్ని దాటుకుని పోతూనే ఉంటుంది. ప్రసాదరావు గారు ఈసారి వీడియోలు చూడకుండా కాంట్రాక్టర్‌ను పిలిచారు. వసంతంలో రెండో పరీక్షకు వెళ్లినప్పుడు తలుపుల కింద తువ్వాళ్లు లేవు, సీలింగ్ పొడిగా ఉంది, ఇంట్లో నలుగురూ ఉన్నారు. సాంబారు తిని వెళ్లమన్నారు గానీ ఉద్యోగ నియమాలు ఒప్పుకోవు. వాసన పీల్చుకుని వచ్చేశాను.

ఆ ఇల్లు నాకు నేర్పింది చిన్న సంగతే. ఫ్యాన్ చప్పుడు చేస్తున్నంత మాత్రాన గాలి బయటికి పోతున్నట్టు కాదు. రిటైరయ్యేదాకా ప్రతి ఇంట్లోనూ ముందు ఫ్యాన్ వేసేదాన్ని, తర్వాత చెప్పులేసుకుని బయటికి నడిచి గోడ మీద గొట్టం చివరనున్న రేకుమూత గాలికి లేస్తోందో లేదో చూసేదాన్ని. అది లేచాకే, లోపల ఉన్నవాళ్ల అలవాట్ల గురించి అడిగేదాన్ని.