మొగిలి ఘాట్‌లో నాలుగు చక్రాల గర్వం

ఐరాలలో మా అక్కకున్నది ఒకటే ఆవు. బోరు ఎండిపోయి గడ్డి కరువవడంతో, ఎనిమిది నెలల చూలుతో ఉన్న దాన్ని పలమనేరులో ఆడబిడ్డ పొలానికి చేర్చాలనుకుంది. లారీ కుదుపులకు కడుపు పోతుందేమోనని ఆమె భయం. "నా ఫోర్-వీల్ డ్రైవ్ జీపు ఉండగా లారీ ఎందుకే?" అని తిరుపతి నుంచి గొప్పగా వెళ్లాను. రెండు వేలకు పశువుల ట్రాలీ అద్దెకు దొరికింది. అందులో ఇసుక పోసి గడ్డి పరిచాం.

ఉదయం ఆరున్నరకు బయల్దేరి, కాణిపాకం మీదుగా బెంగుళూరు రోడ్డెక్కాం. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ మొదలవగానే, బరువుంది కదా అని బండిని నాలుగు చక్రాలూ లాగే ఫోర్-హెచ్‌లో పెట్టాను. మలుపు తిప్పుతుంటే స్టీరింగు బిగుసుకుంది, టైర్లు కీచుమన్నాయి, ట్రాలీ ఒక్క ఊపు ఊగింది.

"ఆపురా! ఆవు మోకాళ్ల మింద పడిపోయినాది!" వెనక్కి తిరిగి చూస్తున్న అక్క కేకేసింది.

పక్కనున్న టీ బంకు దగ్గర ఆపాం. ఆవు లేచింది గానీ వణుకుతోంది. టీ తాగుతున్న పెద్దాయన, టమోటా లారీ డ్రైవరట, బండిలోకి తొంగి గేరు లివరు చూశాడు.

"ఎండిన తారు మింద నాలుగు చక్రాలెందుకు ఏస్తివప్పా? మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగల్ల, ఎనకవి తక్కువ. రెండిట్నీ కలిపి కట్టేస్తే బిగుసుకుంటాది."

"బరువుంది కదన్నా..."

"బరువుకి గేరు తగ్గించల్ల. నాలుగు చక్రాలు బురదకి."

సిగ్గుతో, వెనక రెండు చక్రాలే లాగే టూ-హెచ్‌కు మార్చి, రెండో గేర్లో నింపాదిగా ఎక్కాను. దారంతా అక్క వెనక్కి తిరిగి ఆవునే చూస్తూ కూర్చుంది. నిజానికి తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

తొమ్మిదికి పలమనేరు. పొలం దారి రాత్రి వానకు బురదైంది, వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. ఈసారి బండి పూర్తిగా ఆపి, నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా లాగే ఫోర్-ఎల్ వేసి, క్లచ్ మెల్లగా వదిలాను. కుదుపు లేకుండా కదిలింది.

ఆవును దింపాక అక్క దాని డొక్క మీద చెయ్యి పెట్టి చాలాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత నా చెయ్యి లాగి అక్కడే ఆనించింది. "సూడు, తంతాండాది" అంది. ఏడుపొచ్చేసింది నాకు.

ట్రాలీ లాగేవాళ్లకు నా సలహా ఒకటే. పొడి తారు మీద టూ-హెచ్, చిన్న గేరు; జారే నేల మీదే నాలుగు చక్రాలు. మీ బండి పద్ధతి వేరేదైతే దానితో ఇచ్చిన పుస్తకం చదివి కదలండి. పొద్దున ఐరాలలో బయల్దేరే ముందే అక్క నన్ను అడిగింది, "ట్రాలీ లాగే పద్ధతంతా నీకు తెలుసు కదరా?" అని. తెలుసన్నాను.