మూత మీద గరిటె

తుర్కయంజాల్‌లోని ఆ ఫంక్షన్ హాల్లో అంట్లు తోమే అండాలమ్మకు అన్నం పారబోస్తే ఒళ్లు మండుతుంది. నల్లగొండ పల్లెలో కరువు చూసిన మనిషి మరి. హాలు వెనక గుంతలో బగారన్నం గుమ్మరిస్తుంటే ఒకసారి ఆమె చేసిన రభసకు ఓనరు బాల్‌రాజ్ దండం పెట్టి, మిగిలింది తీసుకుపొమ్మన్నాడు. అప్పటి నుంచి, అన్నం మిగిలిన డేగిశా మూత మీద వంటవాళ్లు గరిటె అడ్డంగా పెడతారు. అది చూడగానే అండాలమ్మ తమ్ముడు తిరుపతి దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని, అల్మాస్‌గూడలో అపార్ట్‌మెంటు కడుతున్న కూలీల దగ్గరికి పరుగెత్తిస్తాడు.

ఆ రోజు పెళ్లికూతురి మేనమామ రాఘవేంద్రకు ఉప్పు చూడాలన్న సరదా పుట్టింది. చూశాడు, బ్రహ్మాండమన్నాడు, మూత పెట్టి గరిటె దాని మీద పడేసి పోయాడు. అండాలమ్మ గరిటె చూసింది. ట్రాలీ కదిలింది. మగపెళ్లివారి కోసం అప్పుడే దమ్ము దించిన అన్నం అది!

సంగతి తెలిసేసరికి ఊరేగింపు గేటు దాకా వచ్చేసింది. బాల్‌రాజ్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"వాళ్లు కూసునేటాళ్లకు అన్నం లేకపోతే, గీ రోజు నుంచి మిగిలిందంత గుంతలకే! నువ్వు ఇంటికే!"

అండాలమ్మ తమ్ముడికి ఫోన్ కొట్టింది. "అన్నం ఎన్కకు తీస్కరా!"

"ఎట్ల తేవాలె అక్కా? అందరు కూసున్నరు, వడ్డిస్తున్న."

విస్తరి ముందు కూర్చున్నవాళ్లను లేపడం ఆమె వల్ల కాదు. "పెట్టురా, కడుపునిండ పెట్టు" అని ఫోన్ పెట్టేసింది.

వంటవాళ్లు ఆదరాబాదరాగా మళ్లీ ఎసరు పెట్టారు. అన్నం ఉడికేదాకా ఆ పెళ్లివారిని ఆపేదెవరు? అండాలమ్మ కొంగు నడుముకు చుట్టి బ్యాండు మధ్యలోకి దూకింది.

"కొట్టుర్రి తీన్మార్!"

ఆడపెళ్లివారి పెద్దమ్మ కాబోలనుకున్నారు మగపెళ్లివారు. పెళ్లికొడుకు మేనత్తేమో అనుకున్నారు ఆడపెళ్లివారు. పెళ్లికొడుకు తల్లి అరుణజ్యోతి తగ్గుతుందా? పట్టుచీరతోనే రంగంలోకి దిగింది. తిట్టడానికొచ్చిన బాల్‌రాజ్‌నూ చెయ్యిపట్టి లాగేశారు. పాపం, ఆయన బొజ్జ ఒక తాళం వెనకబడింది.

"పెద్దమ్మా, ఆకలైతుంది, జర లోపలికి పోనియ్యి" అన్నాడు పెళ్లికొడుకు.

"పెండ్లి మల్ల మల్ల అయితదా బిడ్డా? ఎగురు!"

చివరికి మసాలా ఘుమఘుమలు గేటు దాకా వచ్చాయి. ఎగిరెగిరి నకనకలాడుతున్న జనం ఆవురావురుమంటూ తిన్నారు. ప్లేట్లలో కరివేపాకు తప్ప ఏమీ మిగల్లేదు.

ఒళ్లు హూనమైన అండాలమ్మ తనకింత పెట్టుకుందామని మూత తీసింది. అడుగున మెతుకు లేదు. పగలబడి నవ్వింది.

అంతలో తిరుపతి ఖాళీ డేగిశాతో తిరిగొచ్చి, ఒక టిఫిన్ డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు తిన్నవో లేదో అని, కూలోళ్లు తినకముందే నీకు తీసి పెట్టిన్రు అక్కా."

అండాలమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కళ్లు తుడుచుకుని చూస్తే, ఎదురుగా బాల్‌రాజ్ ఖాళీ ప్లేటుతో నిలబడి ఉన్నాడు.

"జర నాకు గూడ పెట్టు అండాలమ్మా."

పెట్టింది. గుంత గట్టు మీద కూర్చుని ఇద్దరూ మెతుకు మిగలకుండా తిన్నారు.