పలాస అంటే పలాశి

జ్ఞానసుందరికి పట్నం పిచ్చి. ఈ మాట అన్నది ఆమె తమ్ముడు రూబెన్. పలాస పక్కనే కాశీబుగ్గలో సైకిల్ షాపు పెట్టుకుని, పంక్చర్లు వేసుకుంటూ, ఎవరి జోలికీ పోని మనిషి. అక్క సంచీ సర్దుకుంటుంటే మాత్రం నోరు ఆగేది కాదు.

పిచ్చి అంటే అదేమీ నగలూ చీరలూ కొనుక్కునే పిచ్చి కాదు. సినిమాలు ఆమెకు పట్టవు. బీచులూ పార్కులూ అసలే పట్టవు, సముద్రం చూడ్డానికి, ఒడ్డునే ఉండే మా ఉద్దానం వాళ్లు ఇంకో ఊరు పోవాలా? విశాఖపట్నంలో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే పక్కన ఉండడానికి మనిషి కావాలి. కవిటి నుంచీ సోంపేట నుంచీ కిడ్నీ జబ్బుతో వెళ్లేవాళ్లకు మా వైపు ఎప్పుడూ కొదవ లేదు. చర్చి సంఘంలో ఎవరికి అవసరం పడినా జ్ఞానసుందరి జీడిపప్పు ఫ్యాక్టరీలో సెలవు చెప్పేసి బయలుదేరేది. రోగికి జావ పట్టించి, మాత్రలు మింగించి, వాళ్లకు కాస్త కునుకు పట్టగానే జగదాంబ జంక్షనుకు పోయి, మూసి ఉన్న కొట్టు మెట్టు ఒకటి చూసుకుని కూర్చునేది. అంతే. ఆమె పట్నం పిచ్చి అంతా ఆ మెట్టు మీదే.

"ఏటి సేత్తావప్పా అక్కడ కూకుని?" అని రూబెన్ ఒకసారి అడిగాడు.

"మనుసుల్ని సూత్తాను."

"మనుసులిక్కడ లేరేటి?"

"ఇక్కడ ఆలు నన్ను సూత్తారు. అక్కడ నాను ఆలని సూత్తాను."

ఆ మాట రూబెన్‌కి అర్థమయింది.

సంగతేమిటంటే, జ్ఞానసుందరి మొగుడు పోలారావు ఆమెకు పాతికేళ్లయినా నిండకముందే వదిలేసి, సోంపేటలో వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆటో తోలుకుంటూ సుఖంగానే ఉన్నాడు. ఆమె తమ్ముడి ఇంటికి వచ్చేసింది, ఫ్యాక్టరీలో పప్పు తొక్క తీసే పనిలో చేరింది, ఆమె కూడా బాగానే ఉండేది. ఉండనివ్వనిదల్లా ఊరు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి "పోలారావు పెళ్లానివి గదూ, పాపం" అనేది. ఫ్యాక్టరీలో ఎదురుగా కూర్చుని పప్పు ఒలిచే సన్యాసమ్మ, ఏ మాట మొదలుపెట్టినా చివరికి తెచ్చి అక్కడే ఆపేది. ఆదివారం గుడిలో పాస్టరు గారు చెప్పే పాపం ఒకటి, మిగతా ఆరు రోజులూ జనం అనే పాపం ఇంకొకటి. మొదటిదానికి క్షమాపణ ఉంది. రెండోదానికి ఏ ప్రార్థనా పని చెయ్యలేదు.

పట్నంలో ఆ మాట వినపడదు. ఎవరు ఎవరి పెళ్లామో, ఎవరు ఎవర్ని వదిలేశారో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. జగదాంబ దగ్గర పచ్చలైటు పడగానే జనమంతా ఒక్కసారి కదులుతుంటే, ఆ కదిలేవాళ్లలో తానూ ఒకర్తె అనుకుంటే ఆమెకు హాయిగా ఊపిరి ఆడేది. విశాఖపట్నం, తర్వాత భువనేశ్వర్, ఆ తర్వాత పినతల్లి కూతురి ప్రసవానికి హైదరాబాదు. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు ఏ రైలో తెలియక ఏదో ఎక్కేసి, ఒక రోజు ఆలస్యంగా ఇల్లు చేరింది. ఆ ఒక్క రోజులో రూబెన్ పాసింజరు వచ్చినప్పుడల్లా స్టేషనుకు పరిగెత్తి, తిండి మానేసి, సగమైపోయాడు.

అందుకని రెండువేల మూడులో సంఘం వాళ్లు కలకత్తా ప్రయాణం పెట్టుకున్నప్పుడు రూబెన్ సంచీ మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు.

"ఇదిగో అప్పా, ఈపాలి ఏటైనా తేడా వొచ్చిందంటే ఇదే ఆకరు. ఇంక గుమ్మం దాటనివ్వను. నా గుండె ఆగిపోద్ది."

"అలగేలేరా" అంది జ్ఞానసుందరి. తమ్ముడి మాట ఆమె ఎన్నడూ జవదాటలేదు. వాడు మంచివాడు కాబట్టే ఆ మాటకు అంత భయపడింది కూడా. చెడ్డవాడైతే లక్ష్యపెట్టేదే కాదు.

కలకత్తా పక్కన సేరంపూర్‌లో పాతకాలపు బాప్టిస్టు మిషను ఉంది. పాస్టరు సాల్మన్ రాజు గారు ఇరవై ఏళ్లుగా ప్రసంగాల్లో దాని గురించి చెప్పి చెప్పి, చివరికి సంఘాన్ని తీసుకెళ్లి చూపించారు. అందరూ భక్తిగా చూశారు. జ్ఞానసుందరి కూడా చూసింది. ఆమె ప్రాణం మాత్రం కలకత్తా మీదే ఉంది. ఆఖరి రోజు సామాన్లు హౌరా స్టేషనులో పెట్టేసి, రాత్రి మద్రాసు మెయిలు వచ్చేదాకా ఊరు చూద్దామన్నారు. జ్ఞానసుందరి తన సంచీ మాత్రం వదలకుండా భుజాన వేసుకుంది. వంతెన దాటారు.

ఓలమ్మో, అదేం జనం! జ్ఞానసుందరి అప్పటిదాకా చూసిన పట్నాలన్నీ ఒక మూలకు సర్దేసినా ఇంకా చోటు మిగిలేలా ఉంది. ఒకడు నెత్తిమీద బీరువా పెట్టుకుని పరిగెడుతున్నాడు. ఒకడు రోడ్డు మధ్య కూర్చుని గడ్డం గీయించుకుంటున్నాడు. ఒకావిడ వచ్చేపోయే ట్రాముకు అడ్డంగా నిలబడి కండక్టరుతో పోట్లాడుతోంది, ట్రామంతా ఆగి వింటోంది. జ్ఞానసుందరి కూడా ఆగి వింది. ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా, తప్పు కండక్టరుదేనని ఆమెకు తేలిపోయింది. తగువు తెమిలి, ట్రాము కదిలి, ఆమె తృప్తిగా వెనక్కి తిరిగేసరికి పాస్టరు గారు లేరు, సంఘం లేదు.

కాసేపు ఇటూ అటూ పరిగెత్తింది. తర్వాత పాస్టరు గారు చెప్పింది గుర్తొచ్చింది. ఎవరైనా తప్పిపోతే స్టేషనుకు వచ్చేయండి, అందరం అక్కడే కలుస్తాం అన్నారు. మంచిదే. పళ్లరసం అమ్మే కుర్రాడి దగ్గరికి పోయి అడిగింది.

"బాబూ, టేషను. పలాస బండి. పలాస."

అక్కడే పొరపాటు చేసింది. హౌరా అని ఉంటే సరిపోయేది. మా ఊళ్లో పుట్టినవాళ్లకు రైలంటే పలాస, పలాస అంటే రైలు. ఆ మాట అంటే లోకమంతా తెలిసిపోతుందని మా అందరి నమ్మకం.

కుర్రాడికి తెలిసిపోయింది కూడా. "పొలాశి? పొలాశి!" అన్నాడు ముఖం వెలిగిపోతూ. ఇంకో ఇద్దరు కూడా "పొలాశి, శియాల్దా" అన్నారు. శియాల్దా అంటే కలకత్తాలోనే ఇంకో పెద్ద స్టేషనని ఆమెకేం తెలుసు? జ్ఞానసుందరికి ప్రాణం లేచివచ్చింది. బెంగాలీ వాళ్లు ప్రతి మాటా నోట్లో రసగుల్లా పెట్టుకున్నట్టు గుండ్రంగానే పలుకుతారు, అలాగే పలికారనుకుంది. వాళ్లు ఆమెను ఒక బస్సులోకి తోశారు. బస్సులో మనుషుల వీపులు తప్ప ఏమీ కనపడలేదు. వంతెన దాటామో లేదో ఆమె చూడలేదు. దిగేసరికి పెద్ద స్టేషను. ఇంత స్టేషనుకు నాలుగు వైపులా గుమ్మాలుంటాయి, ఇది ఇంకో గుమ్మం అనుకుంది. "పలాస?" అంటే కూలీ ఒకడు "పొలాశి!" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మరీ రైలెక్కించాడు.

రాత్రి బండి మధ్యాహ్నమే ఎందుకు పెట్టారని ఆమెకు అనుమానం రాలేదు. పలాసలో బయలుదేరే పాసింజరు ఎంతో ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడుతుంది. మనవాళ్లు పోయి కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు కాసుకుని, టీ తాగి తీరిగ్గా వస్తారు. ఇది పెద్ద ఊరు కాబట్టి ఇంకా ముందే పెట్టారనుకుంది. సంఘం వాళ్లు వచ్చేలోగా వాళ్లకు సీట్లు కాద్దామని, సంచీలోంచి తువ్వాలు, దుప్పటి, ఇంకో చీర తీసి, వరసగా రెండు బల్లల మీదా పరిచేసింది. బెంగాలీ వాళ్లు వచ్చి కూర్చోబోతే చేతులడ్డం పెట్టింది.

"మనుసులొత్తన్నారు! మా పాస్టరు గారొత్తన్నారు! లెగండి, లెగండి!"

పాపం వాళ్లు లేచారు కూడా. నడవాలో నిలబడి, మడత విప్పిన ఆ చీరను గౌరవంగా చూస్తున్నారు. అప్పుడు రైలు కదిలింది.

జ్ఞానసుందరి తలుపు దగ్గరికి పరిగెత్తింది. ప్లాట్‌ఫారం మీద ఒక్క తెలుగు ముఖం లేదు. తిరిగి వచ్చి చీర అంచు మీద కూలబడింది. ఆమెకు ముందు తట్టింది దారి కాదు, రూబెన్. ఇదే ఆకరు అన్న మాట. ఇంక ఈ జన్మకు కాశీబుగ్గ, ఫ్యాక్టరీ, ఎదురుగా సన్యాసమ్మ. దానికి తోడు, మొగుడొదిలేసిన జ్ఞానసుందరి కలకత్తాలో తప్పిపోయిందట, పాపం. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారిపోయాయి.

ఎదురుగా నిలబడిన ఒకావిడ చంకలో పిల్ల ఆమె ఏడుపు చూసి తానూ మొదలెట్టింది. పిల్ల ఏడిస్తే జ్ఞానసుందరి తట్టుకోలేదు. సంచీలో మిగిలిన జీడిపప్పు పొట్లం చింపి, పిల్ల చేతిలో నాలుగు పప్పులు పెట్టింది. తల్లికి పెట్టింది. పెట్టాక పక్కవాళ్లకు పెట్టకపోతే బాగుండదని అందరికీ పెట్టింది. కళ్లద్దాల పెద్దాయన ఒకాయన నములుతూ ఆ కవరు తీసుకుని, మీద అచ్చు వేసిన ఊరిపేరు చదివాడు. నమలడం ఆపేశాడు.

"పలాసా! ఆంధ్రా!" అని అరిచాడు.

పెట్టె మొత్తం లేచింది. కవరు చేతులు మారింది. పెద్దాయన గొడుగును కత్తిలా తిప్పుతూ "పొలాశీ, యుద్ధం! క్లైవ్!" అని అభినయించాడు. అప్పుడు జ్ఞానసుందరికి వెలిగింది. ఏడో తరగతి సాంఘిక శాస్త్రంలో ప్లాసీ యుద్ధం చదివింది. ఆ ప్లాసీయే ఈ పొలాశి. తాను నవాబు ఓడిపోయిన ఊరికి, సంఘం మొత్తానికీ సీట్లు కాసుకుని మరీ పోతోంది.

ముందు చంటిపిల్ల తల్లి నవ్వింది. తర్వాత పెద్దాయన, తర్వాత నిలబడ్డవాళ్లందరూ. వాళ్ల నవ్వులో ఎక్కడా జాలి లేదు. ఎవరో తప్పు రైలెక్కారు, అంతే, ఇందులో తమాషా ఉంది, నవ్వుదాం అన్నట్టు నవ్వారు. జ్ఞానసుందరికి కూడా నవ్వు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. చీర మడత పెట్టేసి, అందర్నీ కూర్చోమంది.

ఎక్కడి నుంచి వచ్చావని సైగలు చేస్తే, ఆమె నోటివెంట "సేరంపూర్" అన్న మాట రాగానే నర్సు బట్టల్లో ఉన్న ఒక పిల్ల "శ్రీరాంపూర్?" అని లేచింది. బారక్‌పూర్ అనే స్టేషనులో ఆమెను దింపి, రిక్షాలో నది ఒడ్డుకు తీసుకెళ్లి, లాంచీ ఎక్కించింది. నది మధ్యకు వచ్చేసరికి అవతలి ఒడ్డున నిన్న సాయంత్రం పాస్టరు గారు చూపించిన పాత గుడి శిఖరం కనపడింది. జ్ఞానసుందరి గట్టిగా "స్తోత్రం!" అనేసింది. లాంచీలో వాళ్లు ఏదో తమాషా అనుకుని తామూ నవ్వారు. ఒడ్డున దిగాక, ఆంధ్రా వెళ్లే బండి హౌరాలోనే ఎక్కాలని తెలిసిన ఆ పిల్ల తన పని మానుకుని ఆమెను లోకల్ రైలు కిటికీ పక్కన కూర్చోబెట్టి, "హౌరా. లాస్ట్. హౌరా" అని చెప్పి, చెయ్యి ఊపి వెళ్లిపోయింది. పేరేమిటో జ్ఞానసుందరి అడగలేదు. ఆ పిల్లా అడగలేదు.

హౌరాలో దిగేసరికి దీపాలు పెట్టారు. జనం ఏరులా పోతున్నారు. పైన మైకులో ఎవరో ఆడమనిషి బెంగాలీలో ఏదో చెబుతోంది. మధ్యలో ఒక మాట ఆమె చెవిన పడి కాళ్లు ఆగిపోయాయి.

"గ్యానోశుందొరీ. పొలాసా. గ్యానోశుందొరీ."

తన పేరు. ఎవరికీ తాను తెలియకూడదని ఇంత దూరం వస్తే, ఇంత ఊరు తన పేరు పెట్టి పిలుస్తోంది. ఫలానావాడి పెళ్లాం అనలేదు, రూబెన్ అప్ప అనలేదు. జ్ఞానసుందరి అంది, పలాస అంది. గబగబా పరిగెత్తవలసిన మనిషి, ఆ పిలుపు రెండోసారి కూడా వినిపించేదాకా అలాగే నిలబడి వింది. తర్వాత పరిగెత్తింది.

సాల్మన్ రాజు గారు ఆమెను చూడగానే ముందు దేవునికి వందనాలు చెప్పారు, తర్వాత తిట్టారు, తర్వాత కథంతా విని మెయిలు కటక్ దాటేదాకా నవ్వుతూనే ఉన్నారు. "అయ్యగారూ, మా రూబెన్‌కి సెప్పకండి" అని ఆమె దారంతా బతిమాలింది. చెప్పనని ఆయన మాట ఇచ్చారు. పొద్దున పలాసలో దిగగానే, ప్లాట్‌ఫారం మీద రూబెన్ కనపడ్డంతోటే, ఆపుకోలేక మొత్తం చెప్పేశారు.

రూబెన్ సంచీ తీసుకుని, సైకిల్ వెనక కట్టి, నడిపించుకుంటూ బయలుదేరాడు. జ్ఞానసుందరి పక్కన నడిచింది. గేటు దాటారు, బజారు దాటారు. ఇదే ఆకరు అంటాడేమోనని ఆమె వాడి ముఖమే చూస్తోంది.

"అప్పా."

"ఏట్రా?"

"అందరికీ తువ్వాలు ఏసీసి సీట్లు కాసినావా?"

"కాసినాను."

"బెంగాలీ ఓల్లని ఒక్కర్నీ కూకోనివ్వలేదా?"

"ఒక్కర్నీ కూకోనివ్వలేదు."

రూబెన్ సైకిల్‌ను గోడకు చేర్చి, దాని మీద వాలిపోయి, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. నవ్వి నవ్వి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అందులో సగం నవ్వు కాదని జ్ఞానసుందరికి తెలుసు. వాడి వీపు మీద చెయ్యి వేసింది.

"మల్లీ ఎల్తే" అన్నాడు రూబెన్ ముక్కు చీదుకుని, "ఊరిపేరు సెప్పకు. సీకాకులం అని సెప్పు. అది ఇంకోటుండదు."

మల్లీ ఎల్తే. జ్ఞానసుందరి ఆ మాట విని, అరుగు మీదున్న ఎవరో పలకరిస్తుంటే కూడా పట్టించుకోకుండా, సైకిల్ హ్యాండిల్ రెండోవైపు పట్టుకుంది.

"ఒరే" అంది, "బొంబాయెల్లే బండి ఎక్కడ ఎక్కాలో కనుక్కుందువు గాని."